పట్టుపంచె ఫార్మల్ కాదని మీకెవరు చెప్పారు?

ముందే చెప్పేస్తున్నా, ఇది కోపంగా రాస్తున్న టపా. కోపం ఓడ మీద కాదు, ఓడ కంపెనీ మీద కాదు, టక్సీడో కనిపెట్టిన దొరగారి మీద అంతకన్నా కాదు. క్రూజులెక్కే మన తెలుగు సాఫ్ట్‌వేరు జనం మీద. ఇంకా విడమర్చి చెప్పాలంటే, 'ఫార్మల్ నైట్' అన్న రెండు ముక్కలు కనబడగానే సొంత బట్టల్ని పెట్టె అడుక్కి తోసేసి అద్దె కోటు కోసం పరిగెత్తే మన భయం మీద.

ఇంతవరకూ ఓడెక్కని వాళ్ళ కోసం నాలుగు మాటలు. ఏడు రాత్రుల క్రూజయితే మామూలుగా రెండు సాయంత్రాలు ఫార్మల్ నైట్లు ఉంటాయి. మూడు నాలుగు రాత్రుల చిన్న ట్రిప్పయితే ఒకటి. ఓడ ఏ రేవులోనూ ఆగకుండా నడిసముద్రంలో ఉండే రోజునే ఎక్కువగా పెడతారు, ఆ రోజైతే ముస్తాబవడానికి అందరికీ తీరిక ఉంటుంది కాబట్టి. ఆ రాత్రి పెద్ద డైనింగ్ హాల్లో భోంచెయ్యాలంటే కాస్త మంచి బట్టలు వేసుకు రమ్మంటారు. మెట్ల దగ్గర ఫోటోగ్రాఫర్లు తెరలు కట్టుకుని కాచుక్కూర్చుంటారు. కెప్టెన్ వచ్చి చెయ్యూపి నాలుగు మాటలు చెప్తాడు. అంతే. ఇదంతా మాకెందుకు అనుకునే వాళ్ళకి పై డెక్కులో బఫే తెరిచే ఉంటుంది. అక్కడ టక్సీడో గురించి ఎవరూ అడగరు.

ఇంత చిన్న విషయానికి మనవాళ్ళు చేసే హడావుడి చూడాలి! పోయినేడు డాలస్ నుంచి ఆరు కుటుంబాలం గాల్వెస్టన్ వెళ్ళి ఓడెక్కాం. కారులో ఐదు గంటలు, విమానం టికెట్ల గోల లేదు, మెక్సికో తీరం చూసుకుని వారంలో వెనక్కి. వెళ్ళే నెల ముందు నుంచే వాట్సాప్ గ్రూపులో మోత. మా గ్రూపు పెద్ద ఒకాయన ఆజ్ఞ జారీ చేశారు: "ఫార్మల్ నైట్‌కి మగవాళ్ళంతా టక్సీడో, లేకపోతే నల్ల సూటు. ఆడవాళ్ళు గౌనుగానీ చీరగానీ. పేరెంట్స్‌ని తెస్తున్నవాళ్ళు దయచేసి వాళ్ళకి పాంట్లు ఉన్నాయో లేదో చూసుకోండి."

దాని కింద బొటనవేళ్ళు పైకెత్తిన బొమ్మలు ఓ పది. తర్వాత మూడు రోజులు అద్దె టక్సీడో ఎక్కడ చవక అన్న చర్చ. ఒక్కడంటే ఒక్కడు ఆ ఓడ కంపెనీ వాళ్ళ డ్రెస్ కోడ్ పేజీ తెరిచి చదవలేదు. నేను ఆ పేజీ లంకె పెడితే, ఎవరూ నొక్కలేదు. వీసా స్టాంపింగు లేకుండా ఓడలో మెక్సికో వెళ్ళి వెనక్కి రావచ్చా అని ఇద్దరేసి లాయర్లని అడిగిన బుర్రలండీ ఇవి! అక్కడ ఒక్క కామా కూడా వదలరు. బట్టల దగ్గరికొచ్చేసరికి ఎవడో చెప్పింది వేదం.

ఆ గ్రూపులో ఒకన్నయ్య నాకు ఆఫీసులో సీనియర్. వాళ్ళ నాన్నగారు గోదావరి జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా పంచెకట్టుతోనే పాఠం చెప్పిన మనిషి. కొడుకు పెళ్ళికి కట్టుకున్న పట్టుపంచె, కండువా ఇండియా నుంచి పనిగట్టుకుని తెచ్చుకున్నారు. ఓడలో ఒకరోజు పెద్ద విందు ఉంటుందని ఫోన్లో మనవరాలు చెప్పిందట, అందుకని. ఓడెక్కడానికి రెండ్రోజుల ముందు ఈ అన్నయ్య ఓ బూడిదరంగు పాంటూ నల్లకోటూ కొనుక్కొచ్చి, "నాన్నా, ఇక్కడ పంచెలవీ వద్దు, ఇవి వేసుకో" అన్నాడు.

ఫార్మల్ నైట్ రోజు సాయంత్రం అందరం వాళ్ళ గది ముందు వరండాలో పోగయ్యాం. మాస్టారు మామూలు చొక్కాలో గుమ్మం దగ్గరకి వచ్చి, "నాకు అంత ఆకలిగా లేదురా నాన్నా, మీరెళ్ళి రండి. నేను పైన ఏదో ఇంత పెరుగన్నం దొరికితే తినేస్తా" అన్నారు. మా ఆవిడ "రండి మాస్టారూ, మీరు లేకుండా ఏం బావుంటుంది" అంటే నవ్వి, "వెళ్ళిరా అమ్మా" అన్నారు. ఆయన భార్య మాత్రం మెరూన్ రంగు పట్టుచీరలో మాతో వచ్చారు. హాల్లో అడుగు పెట్టగానే పక్క టేబుల్ అమెరికన్ బామ్మలు చీర అంచు పట్టుకుని చూసి ఒకటే మెచ్చుకోళ్ళు. మా అన్నయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అదే హాల్లో మాకు నాలుగు టేబుళ్ళ అవతల స్కాట్లాండు పెద్దాయన ఒకాయన గళ్ళ కిల్టు కట్టుకుని కూర్చున్నాడు. మోకాళ్ళు కనబడుతున్నాయి. మనవాళ్ళు పోటీలు పడి వెళ్ళి ఆయనతో ఫోటోలు దిగారు, "వాటే కల్చర్" అని. మా అన్నయ్య కూడా దిగాడు.

అప్పుడు మండింది నాకు. మోకాళ్ళ దాకా ఉన్న కిల్టు 'కల్చర్', మడమల దాకా ఉన్న పట్టుపంచె 'ఇక్కడ వద్దు'!

తిరిగొచ్చేటప్పుడు అడిగేశాను. "అన్నా, మాస్టారు పంచెలో వస్తే ఎవరాపేవారు?" అన్నా. "నీకు తెలీదురా, నలుగురూ చూస్తారు" అన్నాడు. ఎవరా నలుగురు? ఆ ఓడలో వేలమంది ప్రయాణికులున్నారు, వాళ్ళలో ఎవరికీ ఈయన పేరు కూడా తెలీదు. ఆ నలుగురూ మనమే. మన ఆరు కుటుంబాలే. రెండో ఫార్మల్ నైట్‌కి కూడా మాస్టారికి ఆకలి వెయ్యలేదు. ఆ పంచె మడత విప్పకుండానే ఇంటికెళ్ళింది.

సరే, అసలు రూల్ ఏమంటుందో చూద్దాం. మనం ఇంజనీర్లం కదా, కాస్త ఇంజనీర్లలాగే చూద్దాం. మొదటి సంగతి, 'ఫార్మల్' అనేది అన్ని ఓడల్లోనూ ఒకటి కాదు. నార్వీజియన్ వాళ్ళు 2000లోనే 'ఫ్రీస్టైల్' అని పేరుపెట్టి తప్పనిసరి ఫార్మల్ నైట్లని తీసి పక్కన పెట్టేశారు. సెలబ్రిటీ వాళ్ళు 2015లో ఫార్మల్ నైట్ అన్న పేరే మార్చేసి 'ఈవెనింగ్ షిక్' అన్నారు. కార్నివాల్ వాళ్ళ 'ఎలిగెంట్' రాత్రికి మగవాళ్ళకి మంచి పాంటూ చొక్కా చాలు, కోటు వేసుకుంటే సంతోషం, అంతే. వీటన్నిటికీ టక్సీడో అద్దెకి తెచ్చుకోవడం అంటే ఇంటర్నల్ డెమోకి ప్రొడక్షన్ సర్వర్ కొనడం లాంటిది.

అన్నిటికన్నా పట్టుదల ఉన్నవాళ్ళు క్యూనార్డ్. క్వీన్ మేరీ 2 వాళ్ళదే. వాళ్ళ 'గాలా ఈవెనింగ్' అంటే నిజంగానే డిన్నర్ జాకెట్, లేదా ముదురురంగు సూటు, మెడకి టై. ఇంత ఛాదస్తపు కంపెనీ కూడా తన జాబితాలో వాటి పక్కనే కిల్టుని పెట్టింది, 'ఫార్మల్ నేషనల్ డ్రెస్' అని కూడా పెట్టింది. అంటే ఏ దేశంవాళ్ళు ఆ దేశపు పండగబట్ట కట్టుకురావచ్చని అర్థం. స్పెసిఫికేషన్లో 'ఫార్మల్' అని ఇంటర్‌ఫేస్ మాత్రమే ఇచ్చారండీ. 'కోటూ టై' అని హార్డ్‌కోడ్ చేసుకున్నది మనం.

ఇక ఆ టక్సీడో పుట్టుపూర్వోత్తరాలు వింటే నవ్వొస్తుంది. 1865లో అప్పటి వేల్స్ యువరాజు (తర్వాత ఏడో ఎడ్వర్డు) లండన్ సావిల్ రోలో ఉన్న హెన్రీ పూల్ అనే దర్జీ కొట్టువాళ్ళ చేత వెనక తోకల్లేని పొట్టికోటు ఒకటి కుట్టించుకున్నాడు. ఎందుకు? ఇంట్లో స్నేహితులతో భోంచేసేటప్పుడు ఆ తోకలకోటు ఇబ్బందిగా ఉందని. అది 1886 నాటికి అట్లాంటిక్ దాటి న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే చోటికి చేరి, ఆ ఊరి పేరే తన పేరు చేసుకుంది. అంటే మనం ఈరోజు శిఖరం అనుకుంటున్న టక్సీడో, ఆ రోజుల్లో పెద్దల లెక్కలో 'ఇన్‌ఫార్మల్'! హాయిగా కూర్చుని తినడానికి ఒకాయన చేసుకున్న సౌకర్యం. ఆయన సౌకర్యం మనకి నూటయాభై డాలర్ల అద్దె, మెడకి ఉరి.

దానికన్నా కఠినమైన చోట్ల మనవాళ్ళు ఏం వేసుకున్నారో చూడండి. నోబెల్ బహుమతి ప్రదానానికి మగవాళ్ళకి టక్సీడో కూడా చాలదు, తోకలకోటూ తెల్లటై ఉండాలి. లేదా సొంత దేశపు దుస్తులు. 2019లో అభిజిత్ బెనర్జీ స్టాక్‌హోమ్‌లో స్వీడన్ రాజు చేతిమీదుగా బహుమతి తీసుకున్నది జరీ అంచు ధోవతి, నల్ల బంద్‌గలాతో. ఆయన భార్య ఎస్తర్ డూఫ్లో ఫ్రెంచి ఆవిడ, ఆవిడేమో చీర కట్టుకుంది. 1931లో గాంధీగారు బకింగ్‌హామ్ పాలెస్‌లో ఐదో జార్జి ఇచ్చిన తేనీటి విందుకి కొల్లాయితో, శాలువాతో, చెప్పులతో వెళ్ళారు. సామ్రాజ్యమే ఆపలేకపోయింది, హెడ్ వెయిటర్ ఆపుతాడా?

అంత దూరం వద్దు, మన సినిమావాళ్ళనే చూడండి. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రాత్రి జూనియర్ ఎన్టీఆర్ వేసుకున్నది భుజం మీద బంగారురంగు పులి ఉన్న నల్ల వెల్వెట్ బంద్‌గలా. ఆ ఫోటోని డీపీగా పెట్టుకున్న కుర్రాళ్ళు మా ఓడలోనే ముగ్గురున్నారు. ముగ్గురూ అద్దె టక్సీడోలోనే వచ్చారు!

ఇంకో మాట. మా గ్రూపు పెద్దాయన ఆజ్ఞ మళ్ళీ ఒకసారి చదవండి. ఆడవాళ్ళకి 'గౌనుగానీ చీరగానీ'. మగవాళ్ళకి మాత్రం పంచె ఊసే లేదు. ఈ తేడా ఓడ పెట్టింది కాదు, మన ఇళ్ళల్లోది. సంప్రదాయం మొయ్యాల్సిన బరువంతా ఆడవాళ్ళ భుజాల మీద పెట్టేసి, మనం ఎప్పుడో పాంట్లలోకి దూరిపోయాం. పెళ్ళిలో తాళి కట్టే రెండు గంటలు పంచె, అదీ ఫోటోల కోసం. అందుకే భార్య చీరలో పక్కన నడుస్తుంటే గర్వం, అయ్య పంచెలో పక్కన నడుస్తుంటే నామోషీ. చీర అందరికీ అందంగా కనిపిస్తుంది కాబట్టి ఒప్పుకున్నాం. పంచె పల్లెటూరిలా కనిపిస్తుందేమోనని భయం. ఆ పల్లెటూరి డబ్బులతోనే మనం ఇంజనీరింగు సీటు కొనుక్కున్నామన్నది వేరే సంగతి.

ఇప్పుడు రెండో బాపతు. వీళ్ళు టక్సీడో వాళ్ళకి పూర్తిగా ఎదురు. "డబ్బు కట్టాం, నిక్కర్లో వస్తాం, ఎవడాపేది?" అనే వీరులు. వీళ్ళతో కూడా నాకు కుదరదు. ఇదే పెద్దమనిషి తిరుమలలో కల్యాణోత్సవం టికెట్ దొరికితే తెల్లారుఝామునే లేచి పంచె కట్టుకుని లైన్లో నిలబడతాడు. అక్కడ కూడా డబ్బు కట్టాడు. మరి అక్కడెందుకు నోరెత్తడు? ఒకచోటికి వెళ్ళినప్పుడు ఆ చోటుకి తగ్గట్టు తయారవడం మర్యాద అని తెలుసు కాబట్టి. భోజనం బల్ల కూడా ఒక చోటే. నలుగురూ శ్రమపడి తయారై వచ్చిన చోటికి ఈత కొలను నుంచి నేరుగా తడినిక్కరుతో రావడం తిరుగుబాటు కాదు, బద్ధకం. నిక్కరే కావాలంటే పైన బఫే ఉంది, అదే వంట, ఇంకా ఎక్కువ రకాలు. ఎవరూ తప్పుపట్టరు.

మూడో బాపతు మేధావులు. "అసలు ఈ డ్రెస్ కోడ్‌లే తెల్లవాడి బానిసత్వం, అన్నిటినీ పీకెయ్యాలి" అంటారు. నిజమే, ఆ బానిసత్వం ఉంది. కానీ ఎక్కడుంది? 2014లో చెన్నైలో క్రికెట్ సంఘం వాళ్ళ క్లబ్బు ఒక హైకోర్టు న్యాయమూర్తిని పంచె కట్టుకొచ్చారని లోపలికి రానివ్వలేదు. జస్టిస్ హరిపరంధామన్ ఆయన పేరు. పుస్తకావిష్కరణ సభకి పిలిస్తే వెళ్ళారు పాపం. దాని మీద ఎంత గొడవయిందంటే, అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ ఏకంగా చట్టం చేసింది. పంచె కట్టుకున్నాడని ఎవరినైనా ఆపితే ఏడాది దాకా జైలు, పాతికవేల జరిమానా. గమనించారా, బ్రిటిష్ కంపెనీ ఓడలో మన బట్టలకి జాగా రాసిపెట్టి ఉంది, మన దేశంలో మనవాళ్ళు నడిపే క్లబ్బులో చట్టం చెయ్యాల్సొచ్చింది. కాబట్టి ఓడని తిట్టడం తేలిక, అద్దంలో చూసుకోవడం కష్టం.

నా మటుకు నాకు ఫార్మల్ నైట్ అన్న ఆలోచన నచ్చుతుంది. వారమంతా టీషర్టుల్లో స్టాండప్ కాల్స్ చేసుకునే బతుకులు మనవి. ఒక పూట భోజనానికి ఇంత శ్రద్ధగా తయారవడం, ఎదుటి మనిషిని గౌరవించడం. దీనికి మన భాషలో అరువు తెచ్చుకోవాల్సిన అవసరమే లేదు, పండగపూట కొత్తబట్టలు అంటే ఇదే కదా. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే పొందూరు సన్నఖద్దరు పంచె ఒకవైపు. ఎందరు పెళ్ళికొడుకుల చెమట పీల్చిందో తెలియని పాలియెస్టర్ అద్దె కోటు ఒకవైపు. ఏది ఫార్మల్లో మీరే చెప్పండి.

తిట్టడమేనా, పనికొచ్చేది ఏమైనా చెప్తావా అంటారేమో, చెప్తాను.

మగవాళ్ళకి అన్నిటికన్నా తేలిక బంద్‌గలా. నల్లదో ముదురు నీలందో ఒకటి హైదరాబాదులో కుట్టించుకుంటే టై గోల లేదు, ఎన్ని క్రూజులకైనా సరిపోతుంది. విదేశాల్లో మన రాయబారులు లాంఛన సందర్భాల్లో ఎక్కువగా వేసుకునేది అదే. నేను వేసుకున్నదీ అదే, నా పెళ్ళి రిసెప్షన్ది. తలుపు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. షేర్వానీ సంగతి హైదరాబాదు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, నిజాం దర్బారు బట్ట అది.

పంచె అయితే పట్టుదో, జరీ అంచు ఉన్నదో తీసుకోండి, లాల్చీ, కండువా జతగా. కట్టడం రాకపోతే వెల్క్రో పెట్టి కుట్టినవి దొరుకుతాయి, సిగ్గుపడకండి. కింద బెల్టు పెట్టుకుంటే మంచిది, ఓడ ఊగుతుంది, మెట్లు ఎక్కువ. హవాయి చెప్పులు మాత్రం వద్దు, ఓడవాళ్ళు నిజంగా అభ్యంతరం చెప్పేది వాటికే. మంచి తోలు చెప్పులో, మోజ్రీలో వేసుకోండి.

ఆడవాళ్ళకి నేను చెప్పేంతవాణ్ణి కాదు గానీ, మా ఆవిడ చెప్పిన మాట: పెళ్ళినాటి బరువు కంచిపట్టు మొయ్యకండి. నూలు ఒళ్ళు, పట్టు అంచూ కొంగూ ఉన్న గద్వాల చీరో, ఉప్పాడ జాందానీయో, పోచంపల్లి పట్టో అయితే పెట్టెలో బరువుండదు, కళ తగ్గదు. డైనింగ్ హాల్లో ఏసీ చంపేస్తుంది, పెద్దవాళ్ళకి శాలువా తప్పనిసరి. పిన్నీసులు డబ్బాడు తెచ్చుకోండి, ఓడ దుకాణంలో వెతుక్కునే పరిస్థితి వద్దు.

ముఖ్యమైనది, గదిలోకి ఇస్త్రీపెట్టె తేనివ్వరు. అగ్నిప్రమాదం భయంతో దాదాపు అన్ని ఓడల్లోనూ నిషేధం, ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు. కాబట్టి ఇంటి దగ్గరే ఇస్త్రీ చేసి, హాంగర్‌కి వేలాడదీసే సంచిలో తెచ్చుకోండి. ముడతలు పడితే స్నానాలగదిలో వేణ్ణీళ్ళు వదిలి ఆవిరిలో ఓ పావుగంట వేలాడదియ్యండి. డబ్బులిస్తే ఓడవాళ్ళు ఇస్త్రీ చేసిస్తారు, కానీ ఫార్మల్ నైట్ రోజున అందరూ వాళ్ళ మీదే పడతారు.

ఇంకా అనుమానంగా ఉంటే ఓడ కంపెనీకి ఒక మెయిలు రాయండి. "మా నాన్నగారు మా సంప్రదాయ పట్టుబట్టల్లో విందుకి వస్తారు, సరేనా?" అని. జవాబు ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి. ప్రొడక్షన్లోకి వెళ్ళే ముందు ఎప్రూవల్ మెయిలు దాచుకోవడం మనకి వెన్నతో పెట్టిన విద్యే కదా!

చివరగా ఒక్కటి. అమ్మానాన్నల్ని ఓడెక్కిస్తున్నాం, సముద్రం చూపిస్తున్నాం అని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ళని వాళ్ళలాగే భోజనం బల్ల దగ్గర కూర్చోబెట్టలేనప్పుడు చూపించిన సముద్రం ఏపాటిది? ఈసారి వాళ్ళకి పాంట్లు ఉన్నాయా లేవా అని గ్రూపులో అడిగేవాడు ఎవడైనా ఉంటే, పంచెకి ఇస్త్రీ అయిందా లేదా అని తిరిగి అడగండి.